నాన్న ఓడకి అమ్మ ముడులు

మొన్న బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో మా ఆడపడుచు మనవరాలి పెళ్ళి రిసెప్షన్ జరిగింది. భోజనాల హాలుకి వెళ్ళే దారిలో అద్దాల పెట్టెలో ఒక తెరచాపల ఓడ బొమ్మ పెట్టారు. మూడు నిలువు కొయ్యలు, వాటికి బోలెడన్ని తెరచాపలు, మిలమిలలాడే వార్నిషు, కిందనుంచి లైటు. జనం దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నేను కూడా కళ్ళజోడు సవరించుకుని దగ్గరికెళ్ళి చూశాను. చూసి, పట్టుచీర కట్టుకుని పెద్దరికంగా వచ్చిన మనిషినన్న సంగతే మరిచిపోయి పకపకా నవ్వేశాను. మా ఆయన కంగారుపడి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమైంది? నలుగురూ చూస్తున్నారు" అన్నాడు. "జెండా చూడండి, ఎటు ఎగురుతోందో" అన్నాను. పాపం ఆయన చూశాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషికి జెండా ఎర్రదా పచ్చదా అన్నదే ముఖ్యం గానీ ఎటు ఎగిరితే ఏం. "బానే ఉందిగా" అన్నాడు. ఆయనకి అక్కడ చెప్పే ఓపిక లేక ఐస్‌క్రీము తిని వచ్చేశాను.

అదే తప్పు ఒకప్పుడు మా ఇంట్లో జరిగింది. చేసింది మా నాన్న, పట్టుకున్నది మా అమ్మ. ఇద్దరూ ఇప్పుడు లేరు. వాళ్ళ ఓడ మాత్రం మా హాల్లో, పుస్తకాల బీరువా మీద, పాత వాయిల్ చీర ముసుగులో ఉంది. ఆ రాత్రి ఇంటికి రాగానే నగలైనా తియ్యకుండా స్టూలెక్కి ముసుగు తీశాను. తాళ్ళు అక్కడక్కడ సడలాయి, తెరచాపలు కాఫీ రంగుకి తిరిగాయి. కానీ ఆ కొయ్యలకి రెండు వైపులా నిచ్చెనల్లాగా దిగిన సన్నని తాళ్ళున్నాయి చూశారూ, వాటి మీద ముడులు మాత్రం వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. హోటల్లో ఓడకి ఆ నిచ్చెనలు గమ్ముతో అతికించారు. నాకు గర్వంగా అనిపించింది, ఆ గర్వం దాచుకోవలసిన అవసరం ఈ వయసులో నాకేమీ కనిపించడం లేదు.

మేం అప్పుడు వన్‌టౌన్లో, హార్బరుకి దగ్గర్లో, పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆ ఇంటి వాసనలు చెప్పమంటే ఇప్పటికీ వరసగా చెప్పగలను. తెల్లారగట్ల చేపల వాసన, పొద్దెక్కాక ఎరువుల గోడౌన్ల ఘాటు, మధ్యాహ్నం అమ్మ పెట్టే నెత్తళ్ళ పులుసు, సాయంత్రం నాన్నతో పాటు ఇంట్లోకి వచ్చే డీజిలు, తడి మోకుల వాసన. అన్నింటినీ మించింది ఇనపరాయి దుమ్ము. గనులనుంచి వచ్చిన ముడిరాయి ఓడలకెక్కించేటప్పుడు లేచే ఆ ఎర్రటి పొడి కిటికీ చువ్వల మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, దండెం మీద ఆరేసిన బట్టల మీద వాలేది. నాకు తెల్లటి ఓణీ కొనమంటే అమ్మ నవ్వేది. ఏ రంగు కొన్నా చివరికి అదే రంగవుతుంది కదా అని ఆవిడ ఉద్దేశం.

నాన్న పేరు వీర్రాజు. టగ్గు మీద సరంగు. బయట సముద్రంలోంచి వచ్చే పెద్ద ఓడల్ని పక్కన చేరి, నెట్టి, లాగి, జెట్టీకి చేర్చే పొట్టి ఇంజను పడవే టగ్గు. దాని మీద పనివాళ్ళకి పెద్ద సరంగు. ఆయన ఇంటికొచ్చాక కూడా సగం చెవి హార్బరులోనే ఉండేది. అన్నం కలుపుతూ ఏదైనా ఓడ కూత వినిపిస్తే ముద్ద ఆపి, "అదిగో, బయటికెళ్తంది. బరువు మీదుంది" అనేవాడు. కూతలో బరువెలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆయన గొప్పకి అన్నాడేమో కూడా తెలియదు. మర్నాటికి తువ్వాలు, చొక్కా, చుట్టలపెట్టె అన్నీ రాత్రే గూట్లో వరసగా పెట్టుకునేవాడు. చీకట్లో లేచినా తడుముకుని వేసుకోవడానికి వీలుగా ఉండాలట. గాలి లేచిన రోజుల్లో అమ్మ ఆయన వచ్చేదాకా తినేది కాదు. ఆకలి లేదనేది. ఆయన చెప్పులు గుమ్మంలో విడిచిన చప్పుడు కాగానే ఆకలి వచ్చేసేది.

నాన్నది గోదావరి జిల్లా, తాళ్ళరేవు దగ్గర. మాటకి ముందు 'ఆయ్', మాటకి వెనక 'అండి'. అమ్మ నూకరత్నం భీమిలి మనిషి. వాళ్ళ నాన్నకి తెరచాప పడవుండేది. అమ్మకి మర్యాదా, ప్రేమా, కోపమూ అన్నీ ఒకే గొంతులో, ఒకే వేగంలో వచ్చేవి. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా అమ్మ ఆయన్ని "మావా" అనే పిలిచేది. కొత్తలో ఆవిడ ఏమిటి అనడానికి "ఏటి" అన్నప్పుడల్లా నాన్న గోదావరి ఏటి గురించి మాట్లాడుతోందనుకునేవాణ్ణని మమ్మల్ని నవ్వించేవాడు. అమ్మ కూడా ఊరుకునేది కాదు. "మీ నాన్న ఆయ్ అంటే సాలు, అమలాపురం దాకా ఇనపడతాది" అనేది.

తాళ్ళరేవు, కోరంగి వైపు పూర్వం కొయ్య ఓడలు కట్టేవారు. నాన్న తాత అలాంటి ఓడల మీద రంగూను దాకా వెళ్ళొచ్చిన మనిషి. నాన్న పుట్టేసరికి ఆ రోజులు ముగిశాయి గానీ, కాలవ గట్టున ఒరిగి కుళ్ళుతున్న ఒక ముసలి ఓడలో ఆడుకున్న జ్ఞాపకం ఆయనకుంది. ఆ ఓడ మళ్ళీ నీళ్ళ మీద నిలబడితే ఎలా ఉంటుందో చూడాలని ఆయన సరదా. సెలవు రోజుల్లో వీధి అరుగు మీద కూర్చుని, టేకు ముక్కలు చిత్రిక పట్టి, స్నానాల కాగులో నానబెట్టి వంచి, ఒక్కొక్క పలకే అతికి, మూరెడు పైచిలుకు ఓడ ఒళ్ళంతా తయారు చేశాడు. నిలువు కొయ్యలు కూడా నిలబెట్టాడు. తాళ్ళ పని మాత్రం తరవాత చేద్దామని మంచం కిందకి తోసేశాడు. కొన్నేళ్ళపాటు ఆ బోడి ఓడ మంచం కింద ఉల్లిపాయల బుట్ట పక్కన ఉండిపోయింది. ఊడ్చినప్పుడల్లా అమ్మ దాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, విసుక్కుంటూ మళ్ళీ లోపలికి తోసేది.

దాన్ని మంచం కిందనుంచి తీయించింది నాన్నకి తగిలిన దెబ్బ. ఒక పెద్ద ఓడని జెట్టీకి చేరుస్తుండగా తడిసిన మోకు ఒక్కసారిగా బిగిసి, ఆయన కుడిచేతిని ఇనప గుంజకేసి నలిపేసింది. ఎవరి తప్పూ కాదు, సముద్రం ఆ పూట అలా ఊగింది, అంతే. వేళ్ళు దక్కాయి గానీ మొద్దుబారిపోయాయి. గుప్పిట పట్టమంటే సగంలో ఆగిపోయేవి. ఆయన్ని తాత్కాలికంగా గట్టు మీద మోకుల గోడౌన్లో వేశారు. ఎండాకాలం వెళ్ళాక డాక్టర్లు, ఆఫీసర్లు కూర్చుని పరీక్ష చేస్తారనీ, చెయ్యి పనికొస్తే మళ్ళీ టగ్గనీ, లేకపోతే ఇక ఎప్పటికీ గోడౌనేననీ చెప్పారు. జీతం ఎక్కడున్నా ఒకటే. నాన్నకి మాత్రం అది జీతం సంగతి కాదు. "గట్టు మీద కూర్చునేవాణ్ణి సరంగంటారా? కాపలావాడంటారు" అనేవాడు. మా ఇంట్లో ఆ వేసవంతా ఉన్నది ఒకే ప్రశ్న, నాన్న మళ్ళీ టగ్గెక్కుతాడా లేదా అని.

డాక్టరు ఒక రబ్బరు బంతి ఇచ్చి రోజంతా నొక్కుతూ ఉండమన్నాడు. నాన్న ఓ వారం నొక్కి, దాన్ని వీధిలో పిల్లలకిచ్చేశాడు. బంతి నొక్కితే ఏమొస్తుంది, చివర్లో బంతే కదా మిగిలేది అని ఆయన వాదన. ఆ రోజే మంచం కింద ఓడని బయటికి లాగి, కిటికీ దగ్గర పీట మీద నిలబెట్టి, దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "వేళ్ళు కదిలించమన్నాడు కదా డాక్టరు. దీనికి తాళ్ళు కట్టేసరికి కదలవా?" అన్నాడు. అమ్మ ఉల్లిపాయల బుట్ట ఇంకో మూలకి జరిపింది.

తెరచాపల ఓడకి తాళ్ళు కట్టడం ఎంత పనో కట్టిన ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. నిలువు కొయ్యల్ని ముందుకీ వెనక్కీ పక్కలకీ లాగి పట్టుకునే తాళ్ళు వేరు, అడ్డకొయ్యల్ని తిప్పే తాళ్ళు వేరు, తెరచాపల్ని ఎత్తేవి వేరు, దించేవి వేరు. అన్నీ ఒక్క మందాన ఉండవు. బజార్లో దారం సరిపోదని నాన్న నాచేత పేనించేవాడు. గుమ్మానికి కొట్టిన మేకుకి నూలుపోగులు తగిలించి, మూడు పురులు విడివిడిగా మెలేసి, తర్వాత ఆ మూడింటినీ ఎదురు మెలిక వేస్తే నిజం మోకులాంటి బుల్లి మోకు వచ్చేది. దానికి కొవ్వొత్తి రుద్ది, దీపం మసి పట్టించేదాన్ని. నా వేళ్ళు నల్లగా ఉన్నాయని కాలేజీలో అమ్మాయిలు ఏడిపించేవారు. ఓడ కడుతున్నామని చెబితే నమ్మలేదు. తాళ్ళు పారే కప్పీలకి చిన్న చిన్న చిల్లుల పూసలు కావలసి వచ్చినప్పుడు, మా నాయనమ్మ వదిలి వెళ్ళిన తెగిన తులసి పూసల దండ తీశాం. నాయనమ్మ ఏమనుకునేదో అని నాన్న కాసేపు సందేహించాడు. "రంగూనెళ్ళే ఓడ గదా, రాముడికీ పడవ కావలసొచ్చింది గదేటి" అని అమ్మే తేల్చేసింది.

తెరచాపలు నాన్న పాత పంచెలోంచి వచ్చాయి. బల్లపరుపుగా వేలాడితే అవి తెరచాపల్లా లేవు, ఆరేసిన గుడ్డల్లా ఉన్నాయి. అమ్మ వాటిని చిక్కటి గంజిలో ముంచి, బిందెలు బోర్లించి వాటి పొట్ట మీద పరిచి ఎండబెట్టింది. పెద్దవి పెద్ద బిందె మీద, చిన్నవి చెంబుల మీద. సాయంత్రానికి ఒలిచి తీస్తే ఒక్కొక్కటీ గాలి నింపుకున్నట్టు ముందుకి పొంగి నిలబడింది. మధ్యాహ్నమంతా వాటి మీద ఇనపరాయి దుమ్ము వాలి లేత గులాబీ రంగు పట్టింది. నాన్న మొదట అయ్యో అన్నాడు గానీ, తర్వాత అదే బావుందన్నాడు, పొద్దున పూట సముద్రం మీద తెరచాపలు అలాగే ఉంటాయట.

అసలు చిక్కు నిచ్చెన తాళ్ళ దగ్గర వచ్చింది. నావికులు కొయ్యెక్కడానికి, నిలువుగా దిగిన తాళ్ళకి అడ్డంగా మెట్లలా సన్నతాళ్ళు కట్టాలి. ప్రతి కూడలిలోనూ ఒక ముడి. నాన్న ఎడంచేత్తో పట్టుకుని కుడిచేత్తో ముడి తిప్పబోతే వేళ్ళు దారిలోనే ఆగిపోయేవి. ముడి జారేది. మళ్ళీ మొదలు. ఒక సాయంత్రం ఆయన చేతిలో ఉన్నది విసిరికొట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాన్న అంతటి మనిషి అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. అమ్మ గుమ్మంలో కూర్చుని మల్లెపూలు కడుతోంది. కాలి బొటనవేలికి దారం తగిలించి, రెండు పూలిటూ రెండు పూలటూ పెట్టి, దారం ఒకసారి చుట్టి, మెలేసి, ఇంకోసారి చుట్టి బిగిస్తోంది. లేచొచ్చి నాన్న విసిరేసిన ముక్క తీసి చూసింది.

"ఏటి మావా ఇది! పూలముడే గదా. ఇటియ్యి."

"పూలముడేంటే? టగ్గు మీద గుంజకి మోకేసే ముడది" అన్నాడు నాన్న గోడ వైపు నుంచే.

"నీ గుంజకైతే మోకు, నా పువ్వుకైతే దారం. తేడా ఏటుంది?"

చూస్తే నిజమే. రెండు చుట్లు, మధ్యలో ఒక మెలిక. అమ్మ పీట దగ్గర చతికిలబడి, వరసగా అడుగునుంచి పైకి, మాట్లాడుతూ, మధ్యలో పొయ్యి మీద చారు చూసి రమ్మని నాకు చెబుతూ, ఒక నిచ్చెన సగం దాకా కట్టేసింది. ఆ మర్నాటినుంచి అది మా ఇంటి ఆచారమైపోయింది. గోడౌన్నుంచి నాన్న వచ్చేసరికి అమ్మ పూలబుట్ట పక్కన పెట్టి సిద్ధంగా ఉండేది. మొదట ఆముదం వెచ్చచేసి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ లాగి లాగి రాసేది. తర్వాత ఆవిడ నాలుగు ముడులేసి అయిదోది ఆయనకి వదిలేది. ఆయన ఆ ఒక్కటీ వేసేదాకా కదిలేది కాదు, సాయం పట్టేది కూడా కాదు. కొన్నాళ్ళకి మూడేసి నాలుగోది వదిలింది. వానలు దగ్గరపడేసరికి ఒకటావిడ, ఒకటాయన. పెద్దగా చదువుకోని మనిషికి ఒక మొద్దుబారిన చేతికి ఇంత ఓర్పుగా, ఇంత లెక్కగా పాఠం చెప్పాలని ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేను తర్వాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చేరి ఎంతోమంది కొత్తవాళ్ళకి పని నేర్పాను. అమ్మలాగా చెయ్యి వెనక్కి తీసుకుని కూర్చోవడం నావల్ల ఎప్పుడూ కాలేదు.

ఆదివారాలు అప్పలరాజు మావయ్య వచ్చేవాడు. టగ్గు మీద ఇంజను డ్రైవరు, తగరపువలస మనిషి. వస్తూనే నాన్న చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసేవాడు. "బావా, నువ్వు లేకపోతే టగ్గు టగ్గులాగ నేదు. మోకు మీద సెయ్యేసి, ఎప్పుడు వదలాలో సెప్పేవోడు నేడు. కొత్త సరంగు పొగాకు నమిలేదాకా ఆగి అప్పుడరుత్తన్నాడు" అనేవాడు. నాన్న మొహం వెలిగిపోయేది. ఓడకి లాగి పెట్టిన మోకు తెగే ముందు ఒక రకంగా వణుకుతుందట. దాని మీద వేసిన అరిచేతికి ఆ వణుకు తెలియాలి. తెలిసిన వెంటనే వదలండ్రా అని కేక పడాలి. ఆ కేక ఆలస్యమైతే తెగిన మోకు డెక్కు మీదున్నవాళ్ళని ఉంచదు. ఇరవై ఏళ్ళుగా ఆ కేక నాన్నదే.

ఓడ పూర్తయిన రోజు వెనక కొయ్య చివర జెండా ఒకటే మిగిలింది. ఎర్రగుడ్డ ముక్కకి గంజి పెట్టి, అలలు అలలుగా మలిచి, నాన్నే తనంతట తను, ఎవరి సాయమూ లేకుండా కట్టాడు. అమ్మ ముడి పక్కన లేకుండా ఆయన ఒక్కడే కట్టిన మొదటి కట్టు అది. నేను చప్పట్లు కొట్టాను. అప్పలరాజు మావయ్య ఈల వేశాడు. అమ్మ తల పక్కకి వంచి ఓడ వంక చూసింది.

"మావా, తెరసాప ముందుకి పొంగింది గదా. అంటే గాలి ఎటేపునుంచి వత్తంది?"

"వెనకనుంచి" అన్నాడు నాన్న.

"మరి జెండా ఏటి ఎనక్కెగురుతంది? దానికొక్కదానికే ఏరే గాలా?"

"ఎప్పుడైనా జెండా వెనక్కే ఎగురుతుందే రత్నం. ఇరవయ్యేళ్ళ బట్టి చూస్తున్నాను" అన్నాడు నాన్న. "అవునప్పా, ఏ ఓడకైనా అంతే" అని అప్పలరాజు మావయ్య వంత పాడాడు.

"అది మీ ఇంజిను గాలి. మీరురికితే పుట్టే గాలి. దీనికి ఇంజినెక్కడుంది? గాలి తోత్తేనే గదా ఎళ్ళేది. తోసే గాలికి జెండా ఎదురెలాగ తిరుగుతాది?"

ఇద్దరు మగవాళ్ళకీ ఒప్పుకోబుద్ధి కాలేదు. చొక్కాలు వేసుకుని, రుజువు చూసొస్తామని సముద్రం గట్టుకి వెళ్ళారు. ఆ రోజుల్లో చేపల పడవలు కొన్ని ఇంకా తెరచాపలతోనే తిరిగొచ్చేవి. చాలాసేపటికి వచ్చారు. నాన్న గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తూ, "తెరచాప కొసకి గుడ్డపేలిక కట్టాడొకడు. ముందుకే ఎగురుతోంది" అన్నాడు. ఆయన అంత హాయిగా ఓడిపోవడం చూసి అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బతుకంతా ఇంజన్ల మీద గడిపిన ఇద్దరికి తప్ప ఇంకెవరికీ రాని పొరపాటు అది. తమకి ఎదురొచ్చే గాలే తప్ప వెంట వచ్చే గాలి వాళ్ళెరగరు.

"విప్పి మళ్ళీ కట్టు మావా" అంది అమ్మ, పూలబుట్ట దగ్గరికి లాక్కుంటూ. "ఒకసారి కుదిరితే అదృట్టం. రెండోసారి కుదిరితేనే సెయ్యి."

నాన్న విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. దారం కొయ్య చుట్టూ ఒక చుట్టు తిప్పాడు. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. బయట మబ్బు పట్టి ఉండటంతో ఇల్లు ఒక్కసారిగా చీకటైంది. ఎవరూ కదలొద్దు, ఓడకి తగులుతారు అన్నాడు నాన్న. నేను అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. వెనక నుంచి అమ్మ పూలదారం బిగించే చిన్న చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది. ఆవిడకి చీకటైనా వెలుగైనా ఒకటే. దీపం వెలిగించి తెచ్చేసరికి నాన్న ఓడ మీదకి వంగి, శ్రద్ధగా, రెండో చుట్టు తిప్పుతున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా బిగించి, తిప్పి, లాగుతున్నాడు. ఆ రెండు వేళ్ళ మధ్య దారం లేదు. అది ఎప్పుడు జారిందో ఆయన మోకాలి పక్కన నేల మీద పడి ఉంది. నాన్న దీపం వెలుగులో తన వేళ్ళ వంక చూసుకున్నాడు. తర్వాత అమ్మ ఒళ్ళో మూరెడు పెరిగిన మల్లెదండ వంక చూశాడు. దారం తీసి, కళ్ళ దగ్గరగా పట్టుకుని, ముడి చక్కగా పూర్తి చేశాడు. జెండా ముందుకి తిరిగింది. మేం అందరం మళ్ళీ చప్పట్లు కొట్టాం.

పరీక్ష రోజున ఆయన వెంట నేను వెళ్ళాను. ఆసుపత్రిలో ఒక గది, బల్ల వెనక డాక్టరుగారు, పక్కన తెల్ల యూనిఫారంలో ఒక ఆఫీసరు. గుమ్మం పక్కన బెంచీ మీద నన్ను కూర్చోనిచ్చారు. గుప్పిట పట్టమన్నారు, పట్టాడు. చేతికి మోకు ముక్క ఇచ్చి జారని ఉచ్చు వెయ్యమన్నారు, వేశాడు. గుంజ ముడి వెయ్యమన్నారు. రెండు చుట్లు, మధ్యలో మెలిక. నాకు అమ్మ కళ్ళముందు మెదిలింది. ఆఫీసరు సంతోషపడ్డాడు. "వీర్రాజూ, ఇంకేం, ఫిట్. సోమవారం టగ్గెక్కు" అన్నాడు. నేను బెంచీ మీదనుంచి సగం లేచాను.

"ఆయ్, చాలా సంతోషవండి. ఒక్క మనవి" అన్నాడు నాన్న. మోకు ఒక కొస తన కుడి అరిచేతిలో పెట్టుకుని గుప్పిట మూసి, రెండో కొస ఆఫీసరుకి ఇచ్చాడు. "నేను కళ్ళు మూసుకుంటానండి. తవరు మెల్లగా లాగండి. మోకు నా చేతిలోంచి కదలగానే చెప్తాను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు మెల్లగా లాగాడు. మోకు కదిలింది. గుప్పిట్లోంచి జానెడు, మూరెడు, మెల్లగా మొత్తం జారి వచ్చి బల్ల మీద పడింది. నాన్న ఖాళీ గుప్పిట ముందుకి చాపి, కళ్ళు మూసుకునే, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ఇంకా లాగలేదాండీ?"

డాక్టరుగారు తల దించుకున్నారు. నేను ఓణీ నోట్లో కుక్కుకున్నాను. నాన్న కళ్ళు తెరిచి, బల్ల మీద మోకుని చూసి, తనే దాన్ని చక్కగా చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "చూస్తూ కడితే కడతానండి. కానీ మా పని చీకట్లోనూ, వానలోనూ ఉంటదండి. మోకు వణుకుతున్నట్టు ఈ చేతికి తెలవదు. అప్పలరాజూ వాళ్ళూ నా కేక మీద బతుకుతారండి" అన్నాడు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాడు.

ఇప్పటి టగ్గుల్ని మా మేడ మీదనుంచి కూడా చూడొచ్చు. అద్దాల గదిలో కుర్చీలో కూర్చుని ఒక చిన్న కడ్డీ అటూ ఇటూ తిప్పితే చాలట, మోకు మీద ఎంత బరువుందో అంకెల్లో కనిపిస్తుందట. నాన్న చెయ్యి ఈ రోజుల్లో అయితే పనికొచ్చేదేమో అని చాలాసార్లు అనుకున్నాను. మంచిదే, మనుషుల ప్రాణాలు ఒక అరిచేతి మీద ఆధారపడకపోవడం మంచిదే. కానీ తన చేతిలో లేనిది లేదని అంత తిన్నగా చెప్పగలిగిన మనిషిని ఆ తర్వాత నేను ఉద్యోగంలో గానీ, బంధువుల్లో గానీ ఎక్కడా చూడలేదు. పరీక్షలో గట్టెక్కడానికి సాక్ష్యాలు వెతికేవాళ్ళని చూశాను. నెగ్గిన పరీక్షలో ఓడిపోవడానికి తనంతట తనే సాక్ష్యం చూపించినవాడు మా నాన్న ఒక్కడే.

ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. దారిలో ఆయన మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అమ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏటన్నారు మావా?"

"పాసేనన్నారు. నేనే వద్దన్నాను" అని నాన్న గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. జరిగింది నేను చెప్పాను. కుర్రదాన్ని, ఏడుస్తూ చెప్పాను. అమ్మ వింటూ వింటూ గోడకి చేరబడి, అలాగే కిందకి జారి కూలబడింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన కల చెదిరిందని ఏడుస్తోందనుకున్నాను. నాన్న కూడా అలాగే అనుకుని, "ఊరుకోవే రత్నం, గోడౌనైతే మాత్రం ఏం" అన్నాడు.

"అది కాదు మావా" అంది అమ్మ. "నీ సెయ్యి నలిగిన్నాడే నాను కనకమాలచ్చమ్మకి మొక్కుకున్నాను. నువ్వింకెప్పుడూ టగ్గెక్కకూడదని మొక్కుకున్నాను."

నాన్న ఆవిడ వంక చూశాడు. కోపం లేదు ఆ చూపులో, నమ్మలేకపోవడం ఉంది.

"మరి వేసవంతా నా పక్కన కూర్చుని అన్ని ముడులెందుకేశావే? రోజూ ఈ వేళ్ళకి నూనె ఎందుకు రాశావు?"

అమ్మ ముక్కు చీదుకుని, అదేం ప్రశ్న అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"నువ్వెక్కాలనుకున్నావు గదా."